నాగార్జునకొండ – యవనచ్ఛాయ

యవనులన్నను గ్రీకులన్నను మన పూర్వులకు నొకటే. వారి పురాతన పట్టణములలో సిసిలీ ద్వీపమందలి సిరాక్యూసు పేరుగన్నది. కొండరాతిని అర్ధచంద్రాకారముగ దొలిచి మెట్లు తీర్చిన నాటకశాల అచ్చట నేటికిని గలదు. అట్టి శాలకు చుట్టమని చెప్పదగినది మన కృష్ణాతీరముననే యున్నదని విని, హైదరాబాదులోని మా అశోక్ నగర్ నుండి బస్సెక్కి, రమారమి 150 కిలోమీటర్లు ప్రయాణముచేసి నాగార్జునసాగరము చేరితిని.

ఇప్పుడు లాంచిలో పోవలసిన నాగార్జునకొండ ద్వీపము ఒకప్పుడు లోయ చెంత నిలిచిన కొండ. ఆ లోయలో క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసెను. 1926లో దాని జాడ బయల్పడెను. ఆనకట్ట కట్టుట నిశ్చయము కాగా, 1954 మొదలు 1960 వరకు లోయనంతయు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను ఊడదీసి, కొన్నింటిని కొండమీదను కొన్నింటిని అనుపు గట్టునను మరల నిలిపిరి. తక్కినది నీటిపాలయ్యెను. ఆ నీటితో పండిన పంటను మనమందరము తినుచున్నాము. కాని లోయలో బ్రదికిన పల్లెలవారి యిండ్లకు రాళ్లకు పట్టిన యోగము పట్టలేదు.

అనుపులోని రంగస్థలమును చూచి చాలసేపు నిలిచితిని. నడుమ పల్లపు నేల, నాలుగు వైపుల మెట్లు, ఇటుకకట్టుపై సున్నపురాతి పలకలు. గ్రీకుల శాల అర్ధవృత్తము, ఇది దీర్ఘచతురస్రము. ప్రేక్షకులను మెట్లపై గూర్చుండబెట్టు ఊహ పరదేశమునుండి రావచ్చును గాని, యవనులే కట్టిరనుట సాహసము.

కొండమీది ప్రదర్శనశాలలోని శిల్పములను చూచునప్పుడును ఈ జాగ్రత్త వలయును. విజయపురి స్తంభమొకదానిపై గడ్డము, పొడుగు అంగీ, ఈటె గల పరదేశి భటుడు చెక్కబడియున్నాడు. వెంటనే ఓడ దిగినవాడనుకొనరాదు. వీరపురుషదత్తుని రాణి రుద్రధరభట్టారిక ఉజ్జయినీ మహారాజు కూతురని శాసనము చెప్పుచున్నది. ఉజ్జయిని నాడు శకులది. ఆ వేషము పెండ్లివారి వెంట మెట్టదారినే వచ్చియుండవచ్చును. రోమక సువర్ణనాణెములు దొరకుటచే సముద్రపు బేరమును కాదనజాలము.

బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనము నాకు మరింత ముచ్చటగొలిపినది. సింహళ భిక్షువులు ధర్మమువైపు త్రిప్పిన దేశములలో కాశ్మీరము, గాంధారము, చీనాలతోబాటు యవనమును గూడ ఆమె చేర్చినది. యవనులనుండి మనకేమి వచ్చెనో మనము వెదకుచున్నాము. యవనులకేమి పోయెనో ఆమె రాతిమీద వ్రాయించినది.