చంపినవారి నాణెం మీద చనిపోయిన రాజు పేరు

ప్రియ చదువరీ, మీ అరచేతిలో ఒక చిన్న వెండి నాణెం ఉన్నదనుకోండి. దాని బరువు గ్రాముకు కొంచెం ఎక్కువ. ఒకవైపు సిలువ. మరొకవైపు మధ్యలో లాటిన్ 'ఏ' అక్షరం, దాని చుట్టూ "ఓ పరిశుద్ధ ఎడ్మండ్ రాజా" అని అర్థమిచ్చే లాటిన్ మాటలు. దీనిని ముద్రించినది ఎవరి పాలనలోనో తెలుసా? ఆ ఎడ్మండును చంపిన జనుల పాలనలోనే!

ఇది ఎలా జరిగింది? 865వ సంవత్సరంలో వైకింగుల మహాసైన్యం ఇంగ్లాండు తూర్పు భాగమైన ఈస్ట్ ఆంగ్లియాలో దిగింది. అక్కడివారు గుర్రాలిచ్చి సంధి చేసుకున్నారు. అయితే 869లో ఆ సైన్యం తిరిగి వచ్చి, రాజైన ఎడ్మండును చంపి, దేశాన్ని స్వాధీనం చేసుకున్నది. ప్రజలు అతనిని హతసాక్షిగా తలంచుకున్నారు.

తరువాత గుత్రుమ్ అనే వైకింగు నాయకుడు 878లో ఎడింగ్టన్ యుద్ధంలో వెసెక్స్ రాజైన ఆల్ఫ్రెడ్ చేతిలో ఓడిపోయాడు. అప్పుడతడు బాప్తిస్మం పొందాడు. ఆల్ఫ్రెడే అతనికి తండ్రి స్థానంలో నిలిచాడు. గుత్రుమ్ 890లో చనిపోయేవరకు ఈస్ట్ ఆంగ్లియాను ఏలాడు. అరుదుగా దొరికే అతని నాణెముల మీద గుత్రుమ్ అనే పేరు కనబడదు. బాప్తిస్మమందు పొందిన ఏథెల్‌స్టాన్ అనే పేరే ఉంటుంది.

అతని మరణం తరువాత, సుమారు 895 నుండి, ఎడ్మండ్ పేరుతో నాణెములు వెలువడ్డాయి. ఎడ్మండ్ బ్రతికియుండగా వేయించిన నాణెముల మీది 'ఏ' అక్షరాన్నే వీటిమీదా ముద్రించారు. 1840లో లాంకషైర్‌లోని కర్డేల్ వద్ద రిబుల్ నది గట్టున బయటపడిన నిధిలో సుమారు 7,000 నాణెములున్నాయి. వాటిలో దాదాపు 1,800 ఎడ్మండ్ పేరున్నవే.

ఇది నిజమైన మారుమనస్సా, లేక రాజకీయమా? ఆలోచించండి. వైకింగులు వెండిని ముక్కలుగా నరికి తూచి ఇచ్చిపుచ్చుకునేవారు. తూకానికి పేరుతో పనిలేదు. నాణెం చెల్లాలంటే మాత్రం ప్రజలు నమ్మే పేరు కావాలి. హృదయంలో ఏమున్నదో నాణెం చెప్పలేదు. అయితే ఒక్క సంగతి చెబుతుంది: కత్తితో గెలిచినవారికి, ముప్పై ఏళ్లు తిరగకముందే, తాము చంపిన రాజు పేరే అవసరమైంది. ప్రియ చదువరీ, ఆ దేశంలో చివరకు ఎవరి పేరు చెల్లుబాటైందో మీరే చూడండి.