పెరుగుదల – రక్షణ: వరి గ్రాహక జన్యువు ఎక్స్.ఎ.21 చరిత్ర

1. ఉపోద్ఘాతం:

వరి పైరును నష్టపరిచే ప్రధాన తెగుళ్లలో బాక్టీరియా ఎండాకు తెగులు ఒకటి. జపాన్‌లోని ఫుకువొకా ప్రాంత రైతులు 1884లో దీన్ని తొలిసారి గుర్తించారు. ఆకు కొన నుంచి అంచుల వెంబడి పసుపు రంగుకు మారి క్రమంగా ఎండిపోవడం దీని లక్షణం. శాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా దీనికి కారకం. అధిక దిగుబడినిచ్చే పొట్టి వంగడాలు, నత్రజని ఎరువుల వాడకం విస్తరించిన తరువాత ఆసియా దేశాల్లో దీని తీవ్రత పెరిగింది. రసాయన మందులతో దీన్ని అదుపు చేయడం కష్టం కావడంతో పరిశోధకులు తెగులును తట్టుకొనే జన్యువులపై దృష్టి పెట్టారు. వాటిలో ఎక్స్.ఎ.21 చరిత్ర విశిష్టమైనది. తెగులు నివారణ కోసం మొదలైన ఈ అన్వేషణ, మొక్కలో పెరుగుదలకూ రక్షణకూ ఉన్న సంబంధాన్ని ఎలా వెలికితీసిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అడవి వరి నుంచి సాగు వరికి:

ఈ జన్యువుకు మూలం ఆఫ్రికా ఖండంలోని మాలి దేశానికి చెందిన ఒరైజా లాంగిస్టామినాటా అనే అడవి వరి. దానిలోని తెగులు నిరోధక శక్తిని 1970ల్లో కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో గుర్తించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం ఏళ్ల తరబడి సంకరాలు జరిపి ఆ లక్షణాన్ని ఐ.ఆర్.24 అనే సాగు రకంలోకి తెచ్చింది. 1990లో ఆ జన్యువును ఎక్స్.ఎ.21గా ప్రకటించారు. అది అనేక బాక్టీరియా తెగలను తట్టుకొంటుందని తెలిసింది కాని, ఎలా తట్టుకొంటుందో తెలియలేదు.

3. గ్రాహకంగా గుర్తింపు:

1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పమేలా రోనాల్డ్ బృందం ఈ జన్యువును వేరుచేసింది. అది సూచించే ప్రోటీన్‌లో 1025 అమైనో ఆమ్లాలున్నాయి. దానిలో ఒక భాగం కణం వెలుపల ఉండి సంకేతాన్ని అందుకొంటుంది. కణం లోపల ఉండే కైనేజ్ భాగం ఆ సంకేతాన్ని రక్షణ చర్యగా మారుస్తుంది.

రెండేళ్లకు, 1997లో, అరబిడోప్సిస్ మొక్కలో బి.ఆర్.ఐ.1 అనే గ్రాహక జన్యువు వెలుగులోకి వచ్చింది. పెరుగుదలకు తోడ్పడే బ్రాసినోస్టిరాయిడ్ హార్మోన్‌ను గ్రహించే ఈ ప్రోటీన్ నిర్మాణంలో ఎక్స్.ఎ.21ను పోలి ఉంది. 2000లో పరిశోధకులు బి.ఆర్.ఐ.1 వెలుపలి భాగాన్ని ఎక్స్.ఎ.21 కైనేజ్ భాగంతో జతచేసి వరి కణాల్లో ప్రవేశపెట్టారు. పెరుగుదల హార్మోన్ అందగానే ఆ కణాలు రక్షణ చర్యలు మొదలుపెట్టాయి. రెండు వ్యవస్థలూ ఒకే నమూనాపై నిర్మితమయ్యాయని ఈ ప్రయోగం సూచించింది.

4. పొరపాటు, సవరణ:

ఎక్స్.ఎ.21 గుర్తించే బాక్టీరియా అణువు ఏది అన్న ప్రశ్న మిగిలింది. 2009లో రోనాల్డ్ బృందమే ఎ.ఎక్స్.21 అనే ప్రోటీన్‌ను సమాధానంగా ప్రకటించింది. తరువాత ప్రయోగశాలలో చేరిన సభ్యులు ఆ ఫలితాలను తిరిగి రాబట్టలేకపోయారు. బాక్టీరియా నమూనాలు తారుమారైనట్లు, పరీక్షా విధానం నమ్మదగినది కానట్లు తేలింది. బృందం తన పొరపాటును బహిరంగంగా అంగీకరించి 2013లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకొంది. శోధన మళ్లీ మొదలైంది. 2015లో అసలు అణువు రాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ అని నిరూపితమైంది. దానిలోని టైరోసిన్‌కు సల్ఫేట్ చేరినప్పుడే ఎక్స్.ఎ.21 దాన్ని గుర్తిస్తుంది.

5. హార్మోన్ వేషంలో బాక్టీరియా:

రాక్స్‌ఎక్స్ నిర్మాణం పి.ఎస్.వై. అనే మొక్కల పెప్టైడ్ హార్మోన్‌ను పోలి ఉంది. పి.ఎస్.వై. కణాల విస్తరణకూ, వేరు పెరుగుదలకూ దోహదం చేస్తుంది. రాక్స్‌ఎక్స్ కూడా వేళ్లను పెంచగలదని 2017లో వెల్లడైంది. అంటే బాక్టీరియా మొక్క సొంత పెరుగుదల సంకేతాన్నే అనుకరిస్తోంది. ఎక్స్.ఎ.21 మాత్రం అసలు హార్మోన్‌కు స్పందించకుండా, దాని నకలునే పట్టుకొంటుంది. ఈ విచక్షణ వల్లనే మొక్క తన హార్మోన్‌ను శత్రువుగా భావించి రక్షణకు దిగకుండా ఉండగలుగుతోంది.

2022లో అరబిడోప్సిస్‌లో పి.ఎస్.వై. గ్రాహకాలు బయటపడ్డాయి. హార్మోన్ అందనప్పుడు ఈ గ్రాహకాలు ఒత్తిడిని తట్టుకొనే స్పందనలను ప్రేరేపిస్తాయి. హార్మోన్ అందితే అవి అణగి, పెరుగుదలకు వీలు కలుగుతుంది. పెరుగుదలకూ రక్షణకూ మధ్య మొగ్గు ఎటో నిర్ణయించే ఒక మీట గ్రాహకాల స్థాయిలోనే ఉందని దీనివల్ల స్పష్టమైంది.

6. తెలుగు నేలపై:

సిద్ధాంత చర్చ పూర్తయ్యేదాకా సేద్యం ఆగలేదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి.5204) సన్నబియ్యంగా విశేషాదరణ పొందినా ఎండాకు తెగులుకు లొంగిపోయేది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలనాలయం శాస్త్రవేత్తలు జన్యు గుర్తుల సాయంతో ఎంపిక చేస్తూ, ఎక్స్.ఎ.21తో పాటు ఎక్స్.ఎ.13, ఎక్స్.ఎ.5 అనే జన్యువులను ఆ రకంలోకి తెచ్చారు. చివరి రెండూ గ్రాహకాలు కావు. వేరే మార్గాల్లో పనిచేస్తాయి. బాక్టీరియా ఒక అడ్డంకిని దాటినా మిగిలినవి నిలిచి ఉండాలన్నదే ఈ కూర్పులోని ఆలోచన. మూల రకపు గింజ నాణ్యతను, దిగుబడిని నిలుపుకొన్న ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ 2008లో విడుదలైంది. రాక్స్‌ఎక్స్ ఉనికి తెలియడానికి ఏడేళ్ల ముందే ఎక్స్.ఎ.21 పొలంలో పనిచేస్తోంది.

7. ముగింపు:

ఎక్స్.ఎ.21 చరిత్రలో వినియోగం ముందు నడిచింది, అవగాహన తరువాత వచ్చింది; ఆ అవగాహన కూడా ఒక తప్పును సరిదిద్దుకొన్న తరువాతనే స్థిరపడింది. రక్షణ పెరిగితే పెరుగుదల తగ్గక తప్పదనే సూత్రాన్ని యథాతథంగా స్వీకరించలేమని ఈ చరిత్ర తెలుపుతుంది. ఏ గ్రాహకం ఏ సంకేతానికి స్పందిస్తుందన్నదే అక్కడ కీలకం. కొత్త వంగడాల రూపకల్పనలో తెగులు నిరోధక శక్తిని మాత్రమే కాక, గ్రాహకాల విచక్షణను కూడా పరీక్షించవలసిన అవసరాన్ని ఇది గుర్తుచేస్తోంది.