మిగిలినవాడి బాకీ

2026 జులై 18కి ‘ఆదిత్య 369’ విడుదలై 35 ఏళ్లు. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమా పేరు వినగానే కృష్ణదేవరాయల కొలువు, తెనాలి రామకృష్ణుడు, వజ్రం కళ్ల ముందు మెదులుతాయి. కాలయంత్రం 2504వ సంవత్సరంలోకి తీసుకెళ్లిన ఆ కాసేపటి సంగతి మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు. మూడో ప్రపంచయుద్ధంలో నేల పైభాగమంతా అణుధార్మికతతో పాడైపోయింది. మనుషులు భూమి కింద ఊళ్లు కట్టుకుని బతుకుతున్నారు. అంతా అయిపోయాక మిగిలినవాళ్ల సంగతేమిటన్నది మన తెర అరుదుగా వేసుకునే ప్రశ్న. 33 ఏళ్ల తర్వాత, 2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమా నిడివంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దాని దర్శకుడు నాగ్ అశ్విన్‌కు మార్గదర్శిగా నిలిచింది కూడా సింగీతమే. ఈ రెండు సినిమాలనూ, వాటి వెనకున్న పాత కథలనూ, కృష్ణా డెల్టా పడ్డ కష్టాలనూ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పడమటి ప్రళయానంతర సినిమాలో బతికి బయటపడటం గెలుపు. మన దగ్గర అది బాకీ. మిగిలినవాడు ఎందుకు మిగిలాడో లెక్క చెప్పాలి.

పడమట ఈ తరహా కథకు కట్టుబాట్లు ఎప్పుడో స్థిరపడ్డాయి. పాడుబడ్డ నగరం ఉంటుంది. ఏదో ఒక్క వస్తువుకు కరువు ఉంటుంది. దాన్ని గోడల వెనక దాచుకున్న కోట, కోట బయట దోపిడీ ముఠాలు తిరిగే దారి, ఆ దారిన ఎవరికీ చెందని ఒంటరివాడు ఉంటారు. మేరీ షెల్లీ 1826లోనే ‘ది లాస్ట్ మ్యాన్’ నవలలో మహమ్మారి ఊడ్చేసిన లోకంలో మిగిలిపోయిన మనిషిని చూపించింది. అణుబాంబు భయం కమ్ముకున్న 1959లో ‘ఆన్ ద బీచ్’ వచ్చింది. 1973 చమురు సంక్షోభం ఇంకా మరపున పడకముందే, 1979లో, ఆస్ట్రేలియాలో జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మ్యాక్స్’ తీశాడు. 1981 నాటి రెండో భాగంలో పెట్రోలు కోసం మనుషులు ఒకరినొకరు చంపుకుంటారు. ట్యాంకరును దాటించే పని భుజాన వేసుకున్న మ్యాక్స్ ఆఖరికి ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా నిలబడతాడు. కాపాడిన జనం వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోతారు. అతను ఎవరికీ ఏమీ బాకీ లేడు. ఆ స్వేచ్ఛే ఆ పాత్రకు అందం, దుఃఖం కూడా.

అయితే ఆ దారీ ఆ ముఠా ఆ కాందిశీకుల బిడారూ తెలుగు పాఠకుడికి కొత్తవేం కావు. 13వ శతాబ్దంలో తిక్కన తెలుగు చేసిన మౌసలపర్వంలో అవన్నీ ఉన్నాయి. మహాభారతమంటే కురుక్షేత్రమే అనుకుంటాం. కానీ యుద్ధం తర్వాతి పర్వాలు చదివితే ఈ తరహా కథకు అంతకన్నా గట్టి నమూనా దొరకదనిపిస్తుంది. యాదవులు తుంగకర్రలు పెరికి ఒకరినొకరు మోదుకుని చచ్చారు. బలరాముడు, కృష్ణుడు తనువులు చాలించారు. కబురందుకుని హస్తినాపురం నుంచి వచ్చిన అర్జునుడి మీద ముసలివాళ్లు, ఆడవాళ్లు, పసిపిల్లల భారం పడింది. వాళ్లను బళ్ల మీద ఎక్కించుకుని ఊరు దాటుతుంటే వెనక సముద్రం ద్వారకను వీధి తర్వాత వీధిగా మింగుతూ వచ్చింది. పంచనదం దగ్గర ఆభీరులు చేతికర్రలు పట్టుకుని బిడారు మీద పడ్డారు. ఎదురుగా ఉన్నది ఖాండవ దహనం చేయించినవాడు, భీష్ముణ్ని పడగొట్టినవాడు. తీరా చూస్తే గాండీవం ఎక్కుపెట్టడానికే అతనికి కష్టమైంది. అస్త్రాలు గుర్తుకు రాలేదు. తరగవని పేరుపడ్డ అమ్ములపొదులు వట్టిపోయాయి. చివరికి వింటి కొనతో దొంగలను బాదాడు. అతను చూస్తుండగానే స్త్రీలను లాక్కుపోయారు. కొందరు స్త్రీలు తమంతట తామే దొంగల వెంట నడిచిపోయారని కూడా వ్యాసుడు దాచకుండా చెప్పాడు. వీరుడి ఆయుధం పనిచేయని ఘడియను ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన ఘట్టం ఏ సినిమాలోనూ రాలేదు. ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. మిగిలినవాళ్లను అర్జునుడు తగిన చోట్ల స్థిరపరిచాడు. కృష్ణుడి మునిమనవడు వజ్రుణ్ని ఇంద్రప్రస్థంలో నిలిపాడు. అప్పుడే వ్యాసుడి దగ్గరికి వెళ్లి, మీ పని అయిపోయింది, ఇక బయల్దేరే వేళయిందన్న మాట విన్నాడు. బతికినందుకు చేయవలసింది ఉంది, అది తీరేదాకా వెళ్లడానికి వీల్లేదు. మహాప్రస్థానం దారిలో గాండీవాన్ని కూడా నీళ్లలో వదిలేశాడు. ఆ విల్లు ఈ వ్యాసంలో మళ్లీ కనిపిస్తుంది.

తిక్కన నుంచి సినిమా దాకా ఉన్న శతాబ్దాలను ఒక్క అంగలో దాటక తప్పదు. మధ్యలో బెజవాడ కొండ దగ్గర మాత్రం ఆగాలి. దారికి అడ్డమొచ్చిన కొండకు బెజ్జం చేసుకుని కృష్ణమ్మ సాగిపోయిందనీ, అందుకే ఇది బెజ్జంవాడ, బెజవాడ అయిందనీ ఇక్కడి ఐతిహ్యం. కలియుగం ముగిసే వేళ ఆ కృష్ణమ్మే పెరిగి పెరిగి కనకదుర్గమ్మ ముక్కుపుడకను అందుకుంటుందన్న మాటను వీరబ్రహ్మం కాలజ్ఞానానికి ముడిపెట్టి చెప్పుకుంటారు. లోకాంతాన్ని నిప్పుతోనో యుద్ధంతోనో ఊహించినవాళ్లున్నారు. బెజవాడకు యుగాంతం ఒక నీటిమట్టం. వరద వచ్చిన ప్రతిసారీ జనం కొండ వైపు చూసి కొలుచుకునే కొలత అది.

ఈ నేల మీద అంతం ఊహగానే ఆగిపోలేదు. 1832-33 నందన కరువులో గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర మంది చనిపోయారని లెక్క. డెల్టా అంటే నిండు కాలువలు, పచ్చని వరి తప్ప మరేదీ గుర్తురాని మనకు ఇది నమ్మబుద్ధి కాదు. ఆ కరువు తర్వాతే, 1852-55 మధ్య, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో కృష్ణ మీద ఆనకట్ట లేచింది. తొమ్మిదేళ్లయినా నిండా తిరక్కముందే, 1864 నవంబరు 1న ఉప్పెన బందరు మీద పడి సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ వంతు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు 10 వేల పైచిలుకు. ఆ రాత్రి చెట్టు కొమ్మ పట్టుకుని తెల్లవారేదాకా నిలిచినవాళ్లు ఎదురుగా చూసింది ఏ ప్రళయానంతర సినిమా చూపించినదానికన్నా తక్కువ కాదు. తెల్లవారగానే వాళ్ల ముందున్న పని కూడా మౌసలంలో అర్జునుడి పనే. పోయినవాళ్లను సాగనంపడం, మిగిలినవాళ్లను ఒకచోట చేర్చడం. తర్వాతి ఏళ్లలో తీరం వెంట తుపాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికలు ముందుగా అందడం మొదలైంది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను తీవ్రతలో 1977కు తీసిపోయేది కాదు. అయినా మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. అదీ తక్కువేం కాదు. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడాలో దివిసీమ మృతులకు మనం కట్టిన బాకీ కొంత ఉంది. సరిగ్గా ఆ మే 9నే విజయవాడకు చెందిన అశ్వనీదత్ నిర్మించిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది. హాళ్లలో నీళ్లు నిలిచినా జనం కదలకుండా చూశారని సినిమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

డెల్టా ఇన్ని చూసింది కదా, మన తెలుగు సినిమాల్లో ఈ అనుభవం ఎంత ఉంది? నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ దర్శకత్వం వహించి నటించిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ సెన్సారు చిక్కుల్లో ఏళ్ల తరబడి నలిగి 1984లో వచ్చింది. అందులో ఉన్నది జోస్యం. రాబోయేదాన్ని చెప్పడమే తప్ప వచ్చాక బతకడం గురించి కాదు. ‘ఆదిత్య 369’ రావడానికి అయిదేళ్ల ముందే చెర్నోబిల్ పేలింది, దాని భయం ఆ 2504లో కనిపిస్తుంది. ఎచ్.జి. వెల్స్ 1895 నవల ‘ది టైమ్ మెషీన్’లో నేల కింద ఉండేది మార్లాక్‌లనే జాతి మాత్రమే. సింగీతం మనుషులందరినీ కిందికి దించేశాడు. మంచి ఊహ అది. కథకు 1991లో పని ఉంది కాబట్టి అక్కడ ఎక్కువసేపు నిలవలేకపోయింది.

నిలిచింది ‘కల్కి’యే. అశ్వనీదత్ 1974లో మొదలుపెట్టిన వైజయంతీ మూవీస్ తన యాభయ్యో ఏట విడుదల చేసిన సినిమా అది. కలియుగం మొదలైందని లెక్కించే క్రీస్తు పూర్వం 3102కు 2898 కలిపితే 6 వేల ఏళ్లు. ఆ చివర గంగ ఎండిపోయింది, లోకంలో మిగిలిన ఆఖరి నగరం కాశీ. దాని మీద తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్ నీళ్లనూ పచ్చదనాన్నీ తనలోకి లాగేసుకుంది. కాలువ చివర పొలమున్నవాళ్లకు ఈ బొమ్మను విడమర్చి చెప్పనక్కర్లేదు. ఎగువ తూము ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పంట, శివారు ఆయకట్టుకు దక్కేది ఎదురుచూపే. ఉప్పెన చూసిన నేల నుంచి వచ్చిన నిర్మాత ఎడారి సినిమా తీశారేమిటని అడగవచ్చు. ఈ డెల్టాకు ఉప్పెనతో పాటు కరువు జ్ఞాపకం కూడా ఉంది, ఆనకట్టే దానికి సాక్ష్యం. పైగా ఉప్పెన ఒక్క రాత్రి పని. నీటి కరువు మనుషుల్ని లోపలివాళ్లు, బయటివాళ్లుగా చీల్చి ఏళ్ల తరబడి కథ నడుపుతుంది.

‘కల్కి’ని ‘మ్యాడ్ మ్యాక్స్’ నుంచి ఎత్తుకొచ్చారని అనేవాళ్లున్నారు. బండ్లూ ఇసుకా తుప్పుపట్టిన ఇనుమూ అక్కడివే, కాదనలేం. నీళ్ల మీటను పట్టుకుని జనాన్ని ఆడించే దొర 2015 నాటి ‘ఫ్యూరీ రోడ్’లో ఉన్నాడు. ‘కల్కి’లోని భైరవ కూడా మ్యాక్స్ కోవకు చెందినవాడే. పది లక్షల యూనిట్లు సంపాదించి కాంప్లెక్స్‌లోకి పోవడం తప్ప అతనికి వేరే ధ్యాస లేదు. తేడా అశ్వత్థామ దగ్గర వస్తుంది. నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలినవాడు అతను. మహాభారతంలో అతనికి పడ్డ శిక్ష చావు కాదు, చావలేకపోవడం. మానని గాయంతో మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగడం. సినిమా ఆ గడువును ఆరు వేల ఏళ్లకు పెంచి, విముక్తికి ఒక షరతు పెట్టింది. గర్భాన్ని చంపబోయినవాడే యుగాంతంలో ఒక గర్భానికి కాపలా కాయాలి. బతికి ఉండటమే శిక్ష అయిన మనిషిని బతుకుపోరు సినిమాకు వెన్నెముకగా నిలబెట్టడం ఏ పడమటి కట్టుబాటులోనూ లేదు. అమితాబ్ బచ్చన్ ఆ భారాన్ని మాటల్లో కాక నడకలో మోశారు. ఆ నడక ముందు భైరవ హాస్యమంతా తేలిపోయింది. నా లెక్కలో ఈ సినిమాకు నాయకుడు అశ్వత్థామే.

గర్భవతిని కాపాడే కథ ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’లో 2006లోనే వచ్చింది కదా అన్నది ఇంకో అభ్యంతరం. అక్కడ పుట్టబోయే బిడ్డ ఎవరైనా సరే, పుట్టడమే అద్భుతం. ఇక్కడ అశ్వత్థామ కాపాడే గర్భవతి సుమతి కడుపులో ఉన్నది ఎవరో హాల్లో కూర్చున్న చివరి మనిషికీ తెలుసు. అందువల్ల బిడ్డ బతుకుతుందా లేదా అన్న ఉత్కంఠ పోతుంది. కాపలా కాసేవాడు తన రుణం తీర్చుకోగలడా అన్న ఉత్కంఠ దాని చోట్లోకి వస్తుంది. అది చిన్న మార్పేం కాదు. అయితే దీనికి సినిమా ఒక మూల్యం చెల్లించింది. అవతారపురుషుడు వస్తాడన్న భరోసా ఉన్నాక మామూలు జనానికి పని లేకుండా పోయింది. కాంప్లెక్స్‌ను ఎదిరించే శంబలవాళ్లు కాస్త నయం. కాశీలో మాత్రం దాహంతో అలమటించేవాళ్లున్నారు కానీ బావి తవ్వేవాడు లేడు. నందన కరువు చూసిన డెల్టా దుర్గమ్మ ముక్కుపుడకను కొలుచుకుంటూనే నదికి ఆనకట్ట కూడా కట్టుకుంది. ఎదురుచూపూ పనీ ఒకే ఊళ్లో కలిసి ఉండగలవన్నది ఇక్కడి అనుభవం. రెండో భాగం ఆ లోటు తీరిస్తే సంతోషిస్తాను. మొదటి భాగం చివర కాంప్లెక్స్ అధిపతి యాస్కిన్ చేతిలోకి లేచింది ఆ గాండీవమే. బిడారును కాపాడలేక మొరాయించి, నీళ్లలో కలిసిన విల్లు చివరికి నీళ్లన్నీ దాచుకున్నవాడి చేతికి చిక్కింది. తిక్కన మౌసలపర్వం చదివినవాళ్లకు ఆ ఒక్క దృశ్యంలో గుండె ఝల్లుమంటుంది.

‘కల్కి’ విడుదలైన రెండు నెలలకు, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు విజయవాడలో పెద్ద భాగం మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. 2009 అక్టోబరు నాటి వరదను మించిన అంకె అది. ముక్కుపుడక మాట మళ్లీ నోళ్లలో నానింది. ఈ వరద ఏ కథా కట్టుబాటులోనూ ఇమడలేదు. ఊరికి ఒక పక్క మామూలు రోజులాగే గడుస్తుంటే, రైలు పట్టాలకు అవతల జనం మేడల మీద ఉన్నారు. పైనుంచి డ్రోన్లు దిగుతున్నాయి, వాటికి కట్టిన సంచుల్లో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు. కింది వీధుల్లో పడవలు నడుస్తున్నాయి. ఆ పడవల్లో తిరిగినవాళ్లలో, తమ ఇల్లు కూడా మునిగి ఉండగానే పక్క వీధివాళ్ల కోసం వచ్చినవాళ్లు ఉన్నారు.