పుట్టిన వాగు వాసన
అక్టోబరు నెల. సియాటిల్‌కు తూర్పున, ఇసాక్వా ఊళ్లో వాగు ఒడ్డున నిలబడ్డారు మీరు. సన్నగా జల్లు పడుతోంది. మోకాలి లోతు నీళ్లలో, గులకరాళ్ల మీద నల్లగా ఏదో కదిలింది. కోహో సాల్మన్. మూరెడు పైనే ఉంటుంది. సుమారు ఏడాదిన్నర పసిఫిక్‌లో తిరిగి, ఇప్పుడు పుట్టిన చోటికి ఎదురీదుతోంది. ముందు వాగు రెండు పాయలు. ఏది తనది?

చేప ఆగింది. తొందరపడి చేయి నీళ్లలో పెట్టేరు! మనిషి చర్మం నుంచీ, ఎలుగుబంటి పంజా నుంచీ సెరీన్ అనే అమైనో ఆమ్లం నీటిలోకి దిగుతుంది. ఎగువన చేయి ముంచితే దిగువన సాల్మన్లు వెనక్కి తగ్గుతాయని 1950లలోనే కెనడాలో గమనించారు.

వంగి మూతి చూడండి. కంటికి ముందు, ఒక్కో వైపు రెండేసి రంధ్రాలు. ముందుదాంట్లోంచి నీరు లోపలికి, వెనకదాంట్లోంచి బయటికి. ఊపిరి పని మొప్పలది. ఈ ముక్కు అచ్చంగా వాసనకే. ఆ నీటితోపాటే మనమూ లోపలికి పోదాం.

మడతలు మడతలుగా పల్చటి పొరలు, వాటి మీద జిగురు, జిగురులో నాడీకణాల కొసలు. మనకు వాసన తగలాలంటే పదార్థం గాల్లో తేలాలి. ఇక్కడ నీళ్లలో కరిగితే చాలు. పొడుగు పోగులున్న కణాలు ఎక్కువగా పైత్యరస లవణాలను, అంటే సాటి చేపల జాడను పడతాయి. పొట్టి పోగులున్నవి అమైనో ఆమ్లాలను పడతాయి. పోగు మీద రిసెప్టర్ ప్రొటీన్, అందులో చిన్న గుంత. అణువు ఆకారం, దాని విద్యుదావేశం ఆ గుంతకు కుదిరితే అతుక్కుంటుంది, కణంలో సన్నటి కరెంటు పుట్టి మెదడుకు పరుగెడుతుంది. కుదరకపోతే నీటితో కొట్టుకుపోతుంది.

ఒక అణువుకు ఒకటే రిసెప్టర్ అన్న లెక్కేం లేదు. ఒకే అణువు రెండు మూడు రకాలను కదిలించవచ్చు. ఒకే రకం, దగ్గరి పోలికలున్న నాలుగు అణువులకు పలకవచ్చు. ఏవేవి కలిసి కదిలాయన్నదే చేపకు వాసన. 56 అక్షరాలతో ఎన్ని మాటలు కూర్చగలమో ఆలోచించండి, ఇదీ అంతే. మట్టి, నాచు, కుళ్లిన ఆకులు, బండల మీది సూక్ష్మజీవులు వదిలే పదార్థాల పాళ్లు ఒక పాయలో ఉన్నట్టు మరో పాయలో ఉండవు. సముద్రానికి బయల్దేరే వయసులోనే ఆ కూర్పు దీని మెదడులో నాటుకుపోయింది.

1950ల మొదట్లో ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ వాగులోనే కోహోలను పట్టారు. కొన్నిటి ముక్కుల్లో దూది కుక్కి, పాయలు కలిసే చోటికి దిగువన వదిలారు. ముక్కు తెరిచి ఉన్నవాటిలో ఎక్కువ భాగం తమ పాయకే చేరాయి. దూది పెట్టినవి తడబడ్డాయి. ఇంత చవకగా ఇంత పెద్ద సంగతి తేల్చిన ప్రయోగాలు బహు తక్కువ!

అదిగో, తోక ఝాడించింది. తన పాయ దొరికినట్టుంది.

మీ వెనక వంతెన మీద కార్లు బ్రేకు వేస్తున్నాయి. బ్రేకు ప్యాడ్ల నుంచి రాలిన రాగి పొడి వానతో వాగులో కలుస్తుంది. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల రాగి కరిగినా గంటల్లోనే కోహో ముక్కు మొద్దుబారుతుంది. బ్రేకు ప్యాడ్లలో రాగిని దశలవారీగా తగ్గించాలని వాషింగ్టన్ రాష్ట్రం 2010లో చట్టం చేసింది.