వ్యథ నెఱిగిన దేవుడు: డిచ్‌పల్లి వైద్యాలయ చరిత్ర

గోదావరి చెంతనున్న నందిపేట మొదలుకొని బోధను చెఱకు సీమ వఱకు వ్యాపించిన మా ఇందూరు (నిజామాబాదు) మండలమున, రైలుబండి వచ్చి కొలది సంవత్సరములే గడచిన ఆ దినములలో, జనులు పేరెత్తుటకైన జంకి 'పెద్దరోగ' మని మాత్రమే చెప్పుకొనెడి వ్యాధి యొకటి యుండెను. కుష్ఠు సోకినవానికి స్వగృహమే పరాయిదగుటయు, బంధువుల ముంగిట నిలువ నీడ లేకపోవుటయు సామాన్యము; దేహపీడకంటె ఈ వెలియే వానిని అధికముగా దహించెడిది. ఇట్టివాని దుఃఖమును చూచువాడొకడు కలడా?

కలడని క్రైస్తవ విశ్వాసము చెప్పుచున్నది. ఐగుప్తులో దాసులైనవారి మొఱ నాలకించి, వారి వ్యథ నెఱిగి, విడిపింప దిగివచ్చిన దేవుడని నిర్గమకాండము ఆయనను వర్ణించినది. కుష్ఠరోగి పాళెమునకు వెలుపల వసింపవలెనని మోషే ధర్మశాస్త్రము విధింపగా, యేసు అట్టివానిని చేయి చాచి తాకెను. మాటచేతనే మాన్పగలవాడు తాకనేల? ఏండ్ల తరబడి మానవస్పర్శ నెఱుగని వాని లోపలి గాయమును ఆయన ఎఱిగియుండుటచేతనే యని నా నమ్మకము.

ఈ విశ్వాసముతోనే స్కాట్లండు దేశీయురాలును, ఆబర్డీనులో వైద్యవిద్య నభ్యసించినదియు నగు ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కూడ 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున మన దేశమునకు వచ్చి, నిజామాబాదున వైద్యసేవ ప్రారంభించెను. కుష్ఠరోగులకు ప్రత్యేకాశ్రయము అత్యావశ్యకమని ఆ దంపతులు గ్రహించిరి. హైందవుడైన రాజా నర్సాగౌడు ఉదారముగా ధనమొసగెను. 1915లో డిచ్‌పల్లి యందు విక్టోరియా వైద్యాలయము వెలసెను. పరమతస్థుని దానము ఆ కట్టడమునకు పునాది యగుట మా జిల్లా చరిత్రలో సదా స్మరణీయము.

ఆనాటి ముఖ్యౌషధము అడవిబాదపు జాతి గింజల నుండి తీసిన నూనె. కలకత్తాలో ఎర్నెస్టు మ్యూర్ మున్నగు వైద్యులు ప్రోత్సహించిన పద్ధతి ననుసరించి దానిని సూదితో ఎక్కించెడివారు. అది బాధాకరము, దీర్ఘకాలికము. అయితే ఈ రోగపు క్రౌర్యము వేఱొకచోట నున్నది. నరములు చచ్చుబడుటచే రోగి తన నొప్పినే ఎఱుగడు; ముల్లు దిగినను, నిప్పు కాల్చినను తెలియదు. కావున వాని అరికాలిని ప్రతిదినము పరికించి, వాడెఱుగని పుండును వాని పక్షమున తెలిసికొను కన్నొకటి కావలెను. మనుజుని వేదన వానికంటె ముందే దేవునికి తెలియునను సిద్ధాంతము, రోగి పాదమును చేతబట్టి చూచిన పరిచారకుల నిత్యకృత్యములో నాకు సుబోధమగుచున్నది.

1923లో ఇసబెల్ కెర్‌కు కైజరీ హింద్ పతకము లభించెను. 1932లో ఆమె పరమపదించెను. తరువాత డాప్సోను మాత్రలును, 1980ల నుండి బహుళౌషధ చికిత్సయు వచ్చి, ఆరు మాసములు మొదలు సంవత్సరము లోపల రోగము నయమగుచున్నది. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందులు ఉచితము. అయినను స్పర్శజ్ఞానము లేని మచ్చను సిగ్గుచే దాచుకొనువారు నేటికిని కలరు. వ్యథ నెఱిగిన దేవుని నమ్మితిమని చెప్పుకొను ప్రతి సంఘమును, నమ్మని సజ్జనులును అట్టివారిని వెదకి, ధైర్యము చెప్పి, చేయి పట్టుకొని వైద్యునికడకు తోడ్కొనిపోవలెను.