ఇచ్చే చేయి, పుచ్చుకొనే చేయి



డిసెంబరు నెల వచ్చిందంటే మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములోని మిషన్ బడులలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, పశువుల పాక కట్టి, నక్షత్రము వ్రేలాడదీసి, పిల్లల చేత క్రిస్మస్ నాటిక వేయించడము. రెండవది, బీదలకు పంచిపెట్టడము. దుప్పట్లు, బియ్యము, సబ్బులు, నోటుపుస్తకాలు పంచుతారు. ఈ రెండవ పనిని గురించి ఈ రోజు మీతో కొంచెము చరిత్ర మాట్లాడాలని ఆశపడుతున్నాను. ముందుగా నా సంగతి చెప్పనివ్వండి.

నేను ప్రొటెస్టెంటు సంఘములో పుట్టి పెరిగినవాడను. అయినా ఐదవ తరగతి వరకు చదివింది ఆర్.సి.ఎమ్. బడిలోనే. మా నాన్నగారు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి. మూడవ తరగతిలో ఉన్నప్పుడు ఇంటి నుండి సోలెడు బియ్యము తీసుకొని వెళ్ళి, అందరు పిల్లలతోపాటు బీదల డబ్బాలో పోశాను. మరుసటి ఏడు నాన్నగారికి పని పోయింది. ఆ డిసెంబరులో మైకులో నా పేరు పిలిచారు. స్టేజీ ఎక్కాను, దుప్పటి అందుకొన్నాను, ఫొటో తీశారు. దుప్పటి మంచిదే, చలికాలమంతా మా చెల్లెలు కప్పుకొన్నది. కానీ ఇంటికి వెళ్ళే దారి పొడవునా దాన్ని పుస్తకాల సంచి వెనుక దాచుకొని నడిచాను. క్లాసులో అందరికీ తెలిసిపోయింది గదా, మేము బీదవాళ్ళమని!

ఐదవ తరగతిలో ఒక సిస్టరమ్మ నన్ను పిలిచి, "ఇట్ల రా బిడ్డా, ఈసారి ముసలోళ్ళకు బియ్యం నువ్వే కొలిచి పొయ్యాలె" అని సోల నా చేతికిచ్చింది. ఆ ఏడు కూడా మా ఇంట్లో ఇబ్బందే. మాకూ ఒక సంచి బియ్యము వచ్చింది, అది ఎవరికీ తెలియకుండా వచ్చింది. కానీ ఆ రోజు నేను తల ఎత్తుకొని ఇంటికి వెళ్ళాను. పుచ్చుకొన్న చేయే కొలిచి ఇచ్చింది! ప్రియులారా, సంఘ చరిత్ర చదువుతున్నప్పుడల్లా ఆ సోల నాకు గుర్తుకు వస్తుంది.

పిల్లల చేత ఇప్పించడము అనే అలవాటు ఎక్కడి నుండి వచ్చింది? 1822లో ఫ్రాన్సు దేశములోని లియోన్ పట్టణములో పోలిన్ జారికో అనే యువతి ఒక చిన్న పద్ధతి ఆలోచించింది. ప్రతి పదిమంది ఒక గుంపుగా కూడి, వారానికి ఒక్కొక్క చిల్లర నాణెము మిషనరీ పనికి ఇవ్వాలి. లియోన్ పట్టు నేత పట్టణము. ఆ నాణెములలో చాలా మట్టుకు కష్టపడి పనిచేసే స్త్రీల చేతుల నుండి వచ్చినవే. ఆమె సలహాతో 1843లో నాన్సీ పట్టణపు బిషప్పు షార్ల్ ద ఫోర్బిన్-జాన్సన్ గారు పిల్లల కోసము ఒక సంఘము స్థాపించారు. పిల్లలు ప్రతి దినము ఒక చిన్న జపము చెప్పాలి, నెలకు ఒక నాణెము ఇవ్వాలి, అంతే. ఆ డబ్బు చైనా మొదలైన దేశములలో దిక్కులేని పసిపిల్లలకు వెళ్ళేది. ఆ జపము మరియమ్మ జపము. ఆ విషయములో మన నమ్మకము వేరు, దానిని దాచనక్కరలేదు. అయినా చిన్నపిల్లవాడి నాణెమును లెక్కలోనికి తీసుకొన్న ఆ మనసును మనము తక్కువ చేయకూడదు.

మనవారూ వెనుకబడలేదు. సరిగ్గా మరుసటి ఏడు, 1844లో, ఇంగ్లాండులోని ప్రొటెస్టెంటు పిల్లలు చిల్లర నాణెములు పోగుచేసి ఆరువేల పౌండ్లకు పైగా కూడబెట్టారు. ఆ సొమ్ముతో లండన్ మిషనరీ సొసైటీ వారు 'జాన్ విలియమ్స్' అనే ఓడను పసిఫిక్ ద్వీపాలకు పంపారు. 1805లో మన విశాఖపట్టణానికి మొదటి మిషనరీలను పంపిన సొసైటీ అదే.

అయితే చరిత్ర మనకు మెచ్చుకోలు మాత్రమే చెప్పదు, హెచ్చరిక కూడా చెబుతుంది. ఇచ్చే పిల్లలు ఒక దేశములో, పుచ్చుకొనే పిల్లలు మరొక దేశములో ఉండిపోయారు. పుచ్చుకొనేవారి మాట అడిగినవారు తక్కువ. చైనాలోని తియాన్‌జిన్ పట్టణములో సిస్టర్లు అనాథ శరణాలయము నడిపేవారు. పిల్లలను తెచ్చి అప్పగించినవారికి కొంత డబ్బు ఇచ్చేవారు. దానివలన పిల్లలను ఎత్తుకుపోతున్నారనే పుకారు పుట్టింది. రోగములతో చనిపోయిన పసివారి సమాధులు ఆ పుకారుకు బలమిచ్చాయి. ఫ్రెంచి కాన్సులు దురుసుతనము మంటలో నూనె పోసింది. 1870 జూన్ 21న గుంపు మీదపడి పదిమంది సిస్టర్లను, ఇంకా ఎందరినో చంపివేసింది. ఆ హత్యలను ఎవరూ సమర్థించలేరు. ఆ సిస్టర్ల ప్రేమను శంకించనూ లేము. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఎవరికి మేలు చేస్తున్నామో వారితో కలిసి ఆ మేలు చేయకపోతే, మన మేలు వారి కంటికి ఎలా కనబడుతుంది?

ఆ మరుసటి సంవత్సరమే, 1871లో, ఇటలీలోని ట్యూరిన్ నుండి సెయింట్ ఆన్స్ సిస్టర్లు మన సికింద్రాబాదుకు వచ్చారు. వారి సభను 1834లో స్థాపించినవారు బరోలో మార్క్విస్ దంపతులు, కార్లో తన్‌క్రెది గారు, జూలియా గారు. కోటీశ్వరులు. పనికి వెళ్ళే కూలీల పసిపిల్లల కోసము తమ సొంత భవనములోనే బడి పెట్టినవారు. జూలియమ్మగారు జైలుకు వెళ్ళి ఖైదీ స్త్రీల మధ్య కూర్చొని వారికి చదువు, చేతిపని నేర్పించారు. సికింద్రాబాదులో ఆ సిస్టర్లు పెట్టిన బడి నేటికీ ఉన్నది. తరువాతి కాలములో మన తెలుగు ఆడపిల్లలే ఆ సభలో సిస్టర్లై, టీచర్లై నిలబడ్డారు. నేర్చుకొన్నవారే నేర్పేవారయ్యారు.

ఇక మన మెదక్ సంగతి మీకు తెలియనిది కాదు. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారి కాలములో ఈ ప్రాంతమును కరువు పట్టి పీడించింది. ఆయన ఆకలిగొన్నవారికి ఊరకే గంజి పోసి పంపలేదు. పని ఇచ్చి అన్నము పెట్టారు. 1914లో మొదలైన ఆ పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న మెదక్ కెథడ్రల్ ప్రతిష్ఠింపబడింది. 2024 క్రిస్మస్‌కు నూరేండ్లు నిండాయి. కరువులో అన్నము కోసము వచ్చినవారి మనుమలు, మునిమనుమలు ఈనాడు ఆ గోపురము వైపు చూచి, "ఇది మా తాతలు కట్టిన గుడి" అని చెప్పుకొంటారు. గమనించారా? వారు పుచ్చుకొన్నవారి సంతతిగా కాదు, కట్టినవారి సంతతిగా నిలబడ్డారు.

ఇది పోస్నెట్ గారి సొంత తెలివి కాదు, వాక్యములో ఉన్న సంగతే. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తీయండి. యెరూషలేము సంఘములో ప్రతి దినము విధవరాండ్రకు భోజనము పంచేవారు. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూచారని సణుగు పుట్టింది. అప్పుడు సంఘము ఏడుగురిని ఏర్పరచుకొన్నది. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఈ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే! ఎవరి పక్షమున సణుగు పుట్టిందో వారి చేతికే గరిటె ఇచ్చారు. సంఘము చేసిన మొదటి దానధర్మపు దిద్దుబాటు ఇదే.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు మన వీధిలోనికి రండి. 1960లలో రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్., 1970ల నుండి పటాన్‌చెరు పారిశ్రామికవాడ, తరువాత బొల్లారము, పాశమైలారము. ఇక్కడికి పనికి వచ్చినవారు మొదట మన పల్లెలవారు, తరువాత బీహారు, ఒడిశా, జార్ఖండు, ఉత్తరప్రదేశ్ వారు. 2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచీ మందుల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో అనేకులు అలా దూరము నుండి వచ్చిన బిడ్డలే. తెలుగు రాని విధవరాలు, తెలుగు రాని పసివాడు మన మధ్యనే ఉన్నారు. యెరూషలేములో సణుగు పుట్టింది సరిగ్గా ఇటువంటి చోటనే గదా!

ఈ డిసెంబరులో మన బడులలో, మన సండేస్కూళ్ళలో మళ్ళీ డబ్బా పెడతారు. మూడు సంగతులు మీ ముందు ఉంచుతున్నాను. మొదటిది, మైకులో పేర్లు పిలవవద్దు, పిల్లవాడి ఫొటో తీయవద్దు. కానుకపెట్టె దగ్గర బీద విధవరాలిని చూచిన ప్రభువు తన శిష్యులను పిలిచి వారితో చెప్పాడే గాని, ఆమెను పిలిచి అందరి ముందు నిలబెట్టలేదు. రెండవది, పుచ్చుకొనే పిల్లవాడిని కూడా ఏదో ఒకటి ఇవ్వనివ్వండి. బియ్యము లేకపోతే కొలవనివ్వండి, మోయనివ్వండి, వృద్ధాశ్రమములో ఒక పాట పాడనివ్వండి. మాసిదోనియ సంఘములు నిరుపేదలై యుండి కూడా, తమకూ ఇచ్చే భాగ్యము కావాలని పౌలును బతిమాలుకొన్నారని 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో చదువుతాము. ఆ భాగ్యము బీదవాని నుండి తీసివేయడానికి మనకు హక్కు లేదు. మూడవది, ఎవరికి ఏమి కావాలో నిర్ణయించేటప్పుడు వారి భాష మాట్లాడేవారిని ఒకరిని మీ కమిటీలో కూర్చోబెట్టండి. వారు దుప్పటి అడగవచ్చు, లేదా ఊరికి వెళ్ళడానికి రైలు టిక్కెట్టు అడగవచ్చు. అడిగితేనే గదా తెలిసేది.

ఫ్రాన్సు పిల్లల నాణెముతో మొదలైన ఆ సంఘములో ఈనాడు ఒకప్పుడు పుచ్చుకొన్న దేశాల పిల్లలు కూడా, మన భారతదేశపు పిల్లలతో సహా, తమ నాణెము వేస్తున్నారు. అది అలా కావడానికి చాలా ఏండ్లు పట్టింది. మన బడిలో అది ఈ ఒక్క డిసెంబరులోనే జరగవచ్చు. ఆ సిస్టరమ్మ ఒక్క సోలతో చేసింది.

పరలోక మహిమను విడిచి, మన కోసము పశువుల తొట్టిలో పరుండి, ఒక స్త్రీ చుట్టిన పొత్తిగుడ్డలు పుచ్చుకొన్న ప్రభువు, ఇచ్చే చేతులను తగ్గించి, పుచ్చుకొనే చేతులను లేవనెత్తును గాక. ఆమేన్.