సీలు వేసే హక్కు

జమ్మికుంట మార్కెట్ యార్డులో కాంటా అయిన పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరి, గింజ వదిలి, 170 కిలోల బేలుగా బిగుసుకుంటుంది. ఆ బేళ్లు దేశం దాటాలంటే కంటైనర్‌కెక్కించి తలుపుకు సీలు వెయ్యాలి. ఒకప్పుడు చాలాచోట్ల ఎక్సైజ్ అధికారి వచ్చి దగ్గరుండి వేయించేవాడు. 2017 నుంచి, ముందే అనుమతి తీసుకున్న ఎగుమతిదారు ఎలక్ట్రానిక్ సీలు తానే వేసుకుంటున్నాడు. వ్యాపారిని సర్కారు ఇంతగా నమ్మడం ఒక్క రోజులో జరగలేదు. అదెలాగో తెలియాలంటే ముందు అమెరికాలో జరిగింది చూడాలి.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాకు కంటైనర్ల భయం పట్టుకుంది. అన్నీ విప్పి చూస్తే రేవులు ఆగిపోతాయి, చూడకపోతే లోపలేముందో తెలియదు. ఆ నవంబరులోనే ఏడు పెద్ద దిగుమతి కంపెనీలతో అక్కడి కస్టమ్స్ సీ-టీపాట్ అనే భద్రతా పథకం మొదలుపెట్టింది. సరుకు బయల్దేరిన చోటి నుంచి కాపలా మీది, రేవులో తనిఖీలు తగ్గించే పూచీ మాది అన్నది ఒప్పందం.

చిక్కు అక్కడే వచ్చింది. కంపెనీ తన భద్రత గురించి రాసిచ్చిన కాగితం బాగుంటే చాలు, తనిఖీలు తగ్గిపోయేవి. గోదాముకు కంచె ఉందా, లారీ నడిపేదెవరు అని వెళ్లి చూడటం ఆ తర్వాతి మాట. చూసేందుకు సరిపడా మనుషులూ లేరు. అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పనితీరును పరిశీలించే జీఏఓ 2003లోనూ, 2005లోనూ దీన్నే ఎత్తిచూపింది. నన్నడిగితే ఈ పథకానికి ప్రాణం పోసింది ఆ నివేదికలే. 2006 అక్టోబరులో వచ్చిన సేఫ్ పోర్ట్ చట్టం, ధ్రువీకరణ ఇచ్చిన ఏడాదిలోగా స్వయంగా వెళ్లి చూడాలనీ, నాలుగేళ్లకోసారైనా మళ్లీ చూడాలనీ అధికారులకు గడువు పెట్టింది.

ఈలోగా 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ సరుకు రవాణా భద్రతకు సేఫ్ ప్రమాణాలు తెచ్చింది. వాటిని అనుసరించి మన కస్టమ్స్ 2011లో, నమ్మదగిన వ్యాపారులకు ధ్రువీకరణ ఇచ్చే ఏఈఓ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2016లో మూడు మెట్లు చేసింది. మొదటి మెట్టుకు కాగితాలు సరిపోతాయి. రెండో మెట్టుకు మాత్రం అధికారులు ఫ్యాక్టరీకొచ్చి గేటు, గోదాము, సీళ్ల లెక్క చూస్తారు. అమెరికా పాఠం ఇక్కడ పనికొచ్చిందనే అనిపిస్తుంది. 2021 సెప్టెంబరులో రెండు దేశాలూ ఒకరి ధ్రువీకరణను ఒకరు గుర్తించే ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

చిన్న పరిశ్రమలకు చాలాకాలం ఈ ఏఈఓ ధ్రువీకరణ అందని మేడ. ఏడాదికి 25 కస్టమ్స్ పత్రాలు, మూడేళ్ల వ్యాపారం చూపించాల్సి వచ్చేది. 2020 డిసెంబరులో వాళ్లకు 10 పత్రాలు, రెండేళ్లు చాలన్నారు. మొదటి మెట్టు దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. సొంతంగా ఎగుమతి చేసే మిల్లు మన చుట్టుపక్కల ఏదైనా ఉంటే, వచ్చే పత్తి సీజన్‌లోపే పెట్టుకోవడం మేలు.